పరగడుపున చెట్టు దించే మనిషి

చెట్లు దించే ఆయన పోయాడని మా పాత అటెండరు ఫోన్ చేసేసరికి నేను బీరకాయ చెక్కు తీస్తున్నాను. "ఎవరూ?" అన్నాను. ఎవరో నాకు తెలుసు. ముప్పై ఏళ్ళు పంతులమ్మగా, అందులో ఆఖరి తొమ్మిదేళ్ళు హెడ్‌మిస్ట్రెస్‌గా చేసినదాన్ని. తెలిసిన సంగతి తెలియనట్టు మొహం పెట్టడం ఎలాగో వేలమంది పిల్లల్ని చూసి నేర్చుకున్నాను.

"అదేనండీ మేడంగారూ, మన స్కూల్లో నిద్రగన్నేరు చెట్టు దించాడు కదండీ, ఆయన. మొన్న పోయాడంటండి. వచ్చే ఆదివారం పెద్దకర్మంట" అన్నాడు. "మీకు చెప్పాలనిపించిందండీ" అని కూడా అన్నాడు. ఎందుకనిపించిందో నేను అడగలేదు, అతను చెప్పలేదు. ఆ రోజు చెట్టుకి కట్టిన మోకుతాడు విప్పింది అతను. విప్పమన్నది నేను. ఆరేళ్ళుగా మా ఇద్దరి మధ్యా నలుగుతున్న సంగతి అదొక్కటే.

ఆయన పేరు ఇక్కడ రాయను. నా జీవితంలో ఆ పేరు ఒక్కసారే రాశాను, స్కూలు ముద్ర వేసిన కాగితం మీద, ఒక పచ్చి అబద్ధం పక్కన. ఇంకోసారి నా చేత్తో రాసే అర్హత నాకు లేదు. మరో మాట కూడా చెప్పాలి. ఇప్పుడు ‘ఆయన’ అని మర్యాదగా రాస్తున్నాను గాని, అప్పట్లో నేను పిలిచింది ‘ఏమయ్యా’ అనే. అదీ మనసు బాగుంటే. ఆయన నాకంటే ఐదారేళ్ళు పెద్దవాడు. మనిషి చచ్చిపోయాక మర్యాద ఇవ్వడానికి మనకేం ఖర్చవదు.

మా స్కూలు ఉయ్యూరు దాటాక, కాలవ గట్టుకి ఆనుకుని ఉండేది. నేను రోజూ విజయవాడ నుంచి బస్సులో వెళ్ళి వచ్చేదాన్ని. ఆవరణలో పెద్ద నిద్రగన్నేరు చెట్టు. సగం ఆటస్థలానికి అదే నీడ. ఒకనాటి గాలివానకి దాని కొమ్మ ఒకటి విరిగి సైకిళ్ళ మీద పడింది. అప్పటికి బెల్లు కొట్టాక పిల్లలు వెళ్ళిపోయారు కాబట్టి సరిపోయింది. తల్లిదండ్రులు వచ్చి గొడవ చేశారు, కాగితాలు తిరిగాయి, అనుమతి వచ్చింది. మా మండలంలో ప్రభుత్వం చెట్లు ఏవి తీయాలన్నా ఒకే కాంట్రాక్టరు. అతను ఈయన్ని పంపాడు.

శనివారం సాయంత్రం మోపెడ్ మీద భార్యాభర్తలిద్దరూ వచ్చారు. ఆయన ముందు, ఆవిడ వెనక, ఆవిడ ఒళ్ళో చుట్ట చుట్టిన మోకు. మనిషి సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. మెడ మాత్రం వెనక్కి వంగి ఉండేది. నలభై ఏళ్ళు చెట్ల తలలు చూసీ చూసీ అలా అయిపోయిందట. ఎవరితో మాట్లాడినా ఆ మనిషి నెత్తిమీదుగా ఎటో చూస్తున్నట్టు అనిపించేది. నాకది పొగరులా కనిపించింది.

"ఏమయ్యా, నువ్వేనా చెట్టు కొట్టేది?" అన్నాను.

"కొట్టనండి. దించుతానండి" అన్నాడు.

ఇది రెండో పొగరు అనుకున్నాను. తర్వాత తెలిసింది, ఆయన ఎవరితోనైనా అంతే అంటాడని. గొడ్డలి చేతిలో ఉన్నవాడెవడైనా చెట్టు కొట్టగలడట. కొట్టినవాడి పని చెట్టు కూలగానే అయిపోతుంది. దించేవాడు మాత్రం అది ఎక్కడ పడాలో అక్కడ పడేదాకా దాని పూచీ తీసుకుంటాడట.

చెట్టు చుట్టూ మూడుసార్లు తిరిగాడు. ఒక్కసారి కూడా మొదలు వంక చూడలేదు, పైకే చూశాడు. తర్వాత గొడ్డలి తిరగేసి, దాని వెనక భాగంతో మాను మీద అక్కడక్కడా కొడుతూ, కొట్టిన ప్రతిచోటా చెవి ఆనించి విన్నాడు. డాక్టర్లు చంటిపిల్లల పొట్ట మీద వేళ్ళతో కొట్టి చూస్తారే, అలా.

"ఈ పక్కన గుల్లండి, మేడంగారూ. బరువంతా వంటషెడ్డు మీదకే ఉంది. దీన్ని వదిలేత్తే అటే పడుద్ది. మనం ఆటస్థలం వైపుకి లాగి పట్టుకోవాల" అన్నాడు.

వెళ్ళబోయే ముందు మళ్ళీ చెట్టు దగ్గరికి వెళ్ళి, అరచేత్తో మూడుసార్లు చరిచి, పైకి చూసి, "రేపు పొద్దున్నే దించుతానమ్మా, సర్దుకోండి" అన్నాడు. ఎవరితో అంటున్నావయ్యా అని అడిగితే, "పైన కాపరాలున్నాయి కదండీ" అన్నాడు. కాకులు, గోరింకలు, ఉడతలు. ముందురోజు చెప్పకుండా ఏ చెట్టూ దించడట. నేను స్టాఫ్‌రూమ్‌లోకి వెళ్ళి ఈ సంగతి చెప్పి నవ్వించాను. నోటీసు లేకుండా ఇల్లు ఖాళీ చేయించే మా ఓనరు కంటే నయమని ఒక టీచరమ్మ అంది. అందరం నవ్వాం.

మర్నాడు ఆదివారం. స్కూల్లో కొత్త గదులు కడుతున్నారు. ఆ పని చూడడానికి మా పై అధికారి వస్తారని కబురొచ్చింది, అందుకే సెలవురోజైనా నేనూ, అటెండరూ వెళ్ళాం. మేం వెళ్ళేసరికి ఆయన సానరాయి ముందేసుకుని కూర్చుని గొడ్డలి నూరుతున్నాడు. పదును చూడడానికి బొటనవేలి గోరు మీద మెల్లగా ఆనించి చూసేవాడు. గోరు మీద జారితే ఇంకా నూరాలి, పట్టుకుంటే చాలు. ఆ గోరు నిండా సన్నటి గీతలు.

తర్వాత మోకు పరీక్ష. మోకు కొస పట్టుకుని, కళ్ళు మూసుకుని, మూరా మూరా వేళ్ళ మధ్య నుంచి జారనిచ్చాడు. అంత పొడుగు మోకునీ అలా చూడడానికి అరగంట పట్టింది. నాకు సహనం తక్కువ. "కళ్ళు తెరిచి చూస్తే తొందరగా అవుతుంది కదయ్యా" అన్నాను.

"కళ్ళు పైపైన చూత్తాయండి. లోపల పోగు తెగితే ఏలికే తెలుత్తది" అన్నాడు.

ఎండెక్కింది. మా అటెండరు మజ్జిగ తెచ్చాడు. గ్లాసు నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. ఆయన రెండు చేతులూ జోడించాడు గాని అందుకోలేదు.

"చెట్టు కింద పడేదాకా నోట్లో ఏమీ ఎయ్యనండి. ఏమీ అనుకోకండి."

"మంచినీళ్ళు కూడానా?"

"ఊహూఁ. మా నాయన పెట్టిన కట్టడండి. కడుపు నిండితే కాలు బరువెక్కుద్ది, అదొకటి. ఇంకోటేంటంటేనండీ, అంత పెద్ద ప్రాణాన్ని దించుతా మనం తిని తేన్చుకుంటా ఉంటే బాగోదు."

ఆయన భార్య కొమ్మలు పోగేస్తూ నవ్వింది. "మీరు ఆ గ్లాసు నాకివ్వండి మేడంగారూ. ఈయన కట్టడి ఈయనకే, నాకు లేదు" అని మజ్జిగ గటగటా తాగేసింది. ఎంతో సరదా మనిషి. చెట్టు మీద ఆయన, కింద ఆవిడ. ముప్పై ఏళ్ళుగా ఆయన కోసిన ప్రతి కొమ్మా ఆవిడ చేతిలోని మోకు మీదుగానే నేలకి దిగింది. పైనుంచి ఆయన "ఊఁ" అంటే వదిలేది, "ఆఁ" అంటే పట్టేది. అంతకు మించి మాటల్లేవు. మా ఇంట్లో మేమిద్దరం కుర్చీ జరపాలన్నా అరగంట వాదించుకునేవాళ్ళం. నాకు ఆ రోజు వాళ్ళని చూసి కొంచెం అసూయ వేసింది, నిజం చెప్పాలి.

పని మధ్యలో కాస్త ఊపిరి పీల్చుకోవడానికి ఆగినప్పుడు మా అటెండరు ఆయన్ని మాటల్లో పెట్టేవాడు. ఏ చెట్టు సులువు, ఏది కష్టం అని. అప్పుడు మాత్రం ఆయన నోరు విప్పేవాడు. "తుమ్మ మొండిదండి, గొడ్డలినే కరుత్తది. వేప పెద్దమనిషి, ఎటు చెప్తే అటు పడుద్ది. సరుగుడు చెట్టు మన మాట అవ్వకముందే పడుద్ది. ఈ నిద్రగన్నేరేనండి, ఒళ్ళు పెద్దది, గుండె చిన్నది. బెదిరిందంటే ఎటు దూకుద్దో దానికే తెలీదు."

మిషన్ రంపం ఆయన దగ్గర లేకపోలేదు. కాంట్రాక్టరు ఇచ్చినది ఉంది. మానులో చాలా భాగం దానితోనే కోశాడు. చివరి జానెడూ మాత్రం మిషను ఆపి చేతి రంపంతో కోసేవాడు. ఆ మోతలో చెట్టు చెప్పేది వినపడదట. పడబోయే ముందు లోపల నారలు ఒక్కొక్కటే తెగుతూ టప్పుటప్పుమంటాయి, ఆ చప్పుడు లెక్కను బట్టే ఆయన పక్కకి తప్పుకునేవాడు. మానులో నాలుగు వేళ్ళంత చెక్క కొయ్యకుండా వదిలేసేవాడు. చెట్టుని ఒక్కసారిగా పడనివ్వకుండా పట్టుకుని మెల్లగా పడుకోబెట్టేది అదేనట. దాంతోపాటు ఆ రోజు మోకు. చెట్టు పైభాగానికి కట్టిన మోకుని ఆటస్థలం దాటించి, అవతల ఉన్న వేపచెట్టు మొదలుకి బిగించి కట్టారు. వంటషెడ్డు వైపు ఒరగకుండా చెట్టుని పట్టుకున్నది ఆ మోకే. అది గేటు నుంచి ఆఫీసు గదికి వెళ్ళే దారికి అడ్డంగా, మనిషి నడుమెత్తున ఉంది.

ఇంక నా సంగతి చెబుతాను. ఇంతసేపూ ఆయన గురించి చెప్పడం తేలిగ్గానే ఉంది.

పదకొండు గంటలకి అధికారి గారి కారు గేటు దగ్గరికి వచ్చింది. మోకు అడ్డంగా ఉంది కాబట్టి ఆగింది. డ్రైవరు హారన్ కొట్టాడు. ఆగి మళ్ళీ కొట్టాడు. కారులోంచి అధికారి గారు వాచీ చూసుకోవడం నాకు కనిపించింది. గేటు నుంచి ఆఫీసు గదికి నలభై అడుగులు కూడా ఉండదు. కారు బయటే ఆపి అధికారి గారు నడిచి రావచ్చు. నేను వెళ్ళి "సార్, చెట్టు పని జరుగుతోంది, ఐదు నిమిషాలు" అని చెప్పవచ్చు. అవేవీ నాకు తోచలేదు. సర్కారు కొలువులో మా ఒళ్ళు అలా అలవాటు పడిపోయింది. పై అధికారి కారు గేటు బయట ఆగిందంటే ఇంట్లో చావు జరిగినంత కంగారు.

"ఆ మోకు విప్పవయ్యా, కారు లోపలికి రానీ, మళ్ళీ కట్టేద్దువుగాని" అన్నాను అటెండరుతో.

అతను జంకాడు. "ఆయన్ని ఓ మాట అడిగి వత్తానండీ."

"నేను చెబుతున్నాను కదా! ఒక్క నిమిషం పని."

ఆయన మానుకి అవతలి వైపు వంగి చేతి రంపంతో చివరి కోత కోస్తున్నాడు. మాకు కనపడడు, మేము ఆయనకి కనపడం. ఆయన భార్య వంటషెడ్డు వైపు ఎవరూ రాకుండా కాస్త దూరంలో కాపలా ఉంది. అటెండరు ముడి విప్పాడు. బిగిసి ఉన్న మోకు ఒక్కసారిగా నేల మీదికి జారింది. కారు దాని మీదుగా లోపలికి వచ్చింది. అప్పుడే ఆవిడ మోకు వదులవడం చూసి, "మోకు! మోకు!" అని అరిచింది. అంత గొంతు మనిషికి ఉంటుందని నేననుకోలేదు. ఆయన రంపం వదిలేసి పక్కకి దూకాడు. చెట్టు మెలి తిరిగి, వంటషెడ్డు మీదుగా కొత్త గది మూల మీద పడింది. ఆయన నిలుచున్నచోటికి మాను మొదలు వెనక్కి తన్నుకొచ్చింది. ఒక్క అడుగు తేడా.

దుమ్ము తగ్గేసరికి అధికారి గారు కారు దిగి నిలుచున్నారు. కొత్త గోడ కూలింది, షెడ్డు రేకులు చీలికలైపోయాయి. "ఏంటమ్మా ఇది?" అన్నారు.

"తాగి ఉన్నట్టున్నాడు సార్" అన్నాను.

ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పటికీ చెప్పలేను. ముందుగా అనుకున్నది కాదు. పాఠం అప్పజెప్పినట్టు వచ్చేసింది. కూలి పని చేసేవాడు పొరపాటు చేశాడంటే తాగి ఉంటాడని మన నోళ్ళకి ఎవరో ఎప్పుడో నేర్పి ఉంచారు. పొద్దుటి నుంచి ఆ మనిషి నోట్లో మంచినీటి చుక్క కూడా పడలేదని, ఆయన భార్య తర్వాత ఈ భూమ్మీద బాగా తెలిసిన మనిషిని నేనే. మజ్జిగ గ్లాసు నేనే పట్టుకెళ్ళాను.

ఆయన పది అడుగుల దూరంలో ఉన్నాడు, విన్నాడు. కాలి పిక్క చీరుకుపోయి రక్తం కారుతోంది. ఆయన భార్య పరుగున వచ్చి, "అదేంటండీ, మోకు—" అనబోయింది. ఆయన చెయ్యెత్తి ఆపాడు. నా వంక చూశాడు. మెడ పైకి ఉండే మనిషి కదా, ఆ ఒక్కసారే నా కళ్ళలోకి సూటిగా చూడడం. నేనే తల తిప్పుకున్నాను.

"అదే రాసి పంపండి" అని చెప్పి అధికారి గారు కారెక్కారు.

సోమవారం రాశాను. రాసింది నాలుగే వాక్యాలు. మూడు నిజాలే. చెట్టు పడింది, గోడ కూలింది, ఎవరికీ ప్రాణాపాయం లేదు. నాలుగోది, చెట్టు తొలగించే వ్యక్తి మద్యం సేవించి ఉన్నందువల్ల ఈ ప్రమాదం జరిగిందని. కాగితం కవరులో పెట్టి సొరుగులో ఉంచాను. పంపబుద్ధి కాలేదు. ఆ మాత్రం భయం ఉన్నందుకు నన్ను నేను మెచ్చుకున్నాను కూడా. అప్పటికి నా రిటైర్మెంటుకి ఎనిమిది నెలలుంది. మోకు సంగతి బయటికొస్తే ఎంక్వయిరీ అంటారు, పెన్షన్ ఆపుతారు. ఇవన్నీ ఆ సొరుగు మీద చెయ్యి ఆనించి కూర్చుని ఆలోచించాను.

మంగళవారం మధ్యాహ్నం ఆయన వచ్చాడు. ఒక్కడే. గుమ్మం బయట చెప్పులు విప్పి, లోపలికి రాకుండా గడప అవతలే నిలబడ్డాడు. ఉతికిన చొక్కా, కాలికి కట్టు. నేను కూర్చోమనలేదు.

"మేడంగారూ, గోడ నా మూలంగానే పడిందని రాసుకోండి. నేను ఒప్పుకుంటాను. మోకు సంగతి నేనూ అనను, మా ఇంటిదీ అనదు. మీ ఉజ్జోగం సంగతి నాకు తెలుసండి" అన్నాడు.

నేను బల్ల మీది పెన్ను తీసి మూత పెట్టాను.

"తాగాడన్న మాటొక్కటి కొట్టెయ్యండి. చెయ్యి తప్పిందని రాయండి, వయసైపోయిందని రాయండి, పని రాదని రాయండి. మీ ఇట్టం. తాగినోడికి చెట్టు ఎవురూ అప్పజెప్పరండి. మా నాయన కాడి నుంచి పరగడుపున దించే ఇల్లండి మాది. ఆ మాటొక్కటి."

కాగితం నా మోకాలికి జానెడు దూరంలో ఉంది. సొరుగు లాగి, ఆ వాక్యం మీద ఒక గీత గీస్తే చాలు. ముప్పై ఏళ్ళుగా పిల్లల నోటు పుస్తకాల్లో తప్పుల మీద ఎర్ర గీతలు గీసిన చెయ్యి ఇది. కాని ఆ మాట కొట్టేస్తే, మరి చెట్టు ఎందుకు పడింది అని పైవాళ్ళు అడుగుతారు. చెయ్యి తప్పిందని రాస్తే కాంట్రాక్టరు ఊరుకోడు, ఎంక్వయిరీ వేయించి సాక్షుల్ని పిలుస్తాడు, అటెండరు నోరు విప్పుతాడు. తాగాడంటే మాత్రం ఇంక ఎవరూ ఏమీ అడగరు. ఆ మాటకున్న సుఖం అదే.

"అది పైకి వెళ్ళిపోయిందయ్యా. నా చేతుల్లో లేదు" అన్నాను.

"ఎల్లిపోయిందాండీ?"

"నిన్ననే."

"మళ్ళీ ఇంకో కాయితం రాత్తే అవ్వదాండీ?" అన్నాడు. చూస్తాను అన్నాను. చూస్తాను అన్న మాటకి అర్థం ఏమిటో ఆఫీసుల చుట్టూ తిరిగిన ప్రతివాడికీ తెలుసు, ఆయనకీ తెలిసే ఉంటుంది. అయినా రెండు చేతులూ జోడించాడు. "మీరు చూత్తానన్నారు, చాలండి" అని చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. ఆయన గేటు దాటేదాకా ఆగి, సొరుగులోంచి కవరు తీసి, అటెండరుని పిలిచి పోస్టులో వెయ్యమన్నాను. ఎందుకో తెలుసా? నేను చెప్పిన అబద్ధం నిజం కావాలి కాబట్టి. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అని ఎంతమంది పిల్లల చేత కాపీ రాయించానో లెక్కలేదు. నాకు మాత్రం తీసుకోవడానికి రెండు రోజులు టైం దొరికింది. సొరుగులోనే ఉంది.

ఎనిమిది నెలల తర్వాత నాకు శాలువా కప్పి, దండ వేసి, నిజాయితీకి మారుపేరు అని మాట్లాడారు. ఆ సభలో అటెండరు కుర్చీలు సర్దుతూ ఒక్కసారి కూడా నా వంక చూడలేదు. దండ మెడలో గుచ్చుకుంటోందని తీసేశాను. అందరూ నా నిరాడంబరత అనుకున్నారు.

ఆ తర్వాత ఆయన్ని ఒక్కసారే చూశాను. విజయవాడ వన్ టౌన్‌లో ఇత్తడి సామాను కొనడానికి వెళ్ళి, సందు తప్పి ఒక కట్టెల అడితి ముందుకి వచ్చాను. హోటళ్ళకి వంటచెరుకు అమ్మే చోటు. నేల మీద కూర్చుని ఆయన కట్టెలు చీలుస్తున్నాడు. ఎవరో కొట్టి పడేసిన దుంగల్ని ముక్కలు చేసే పని. మెడ మాత్రం కిందికి వంగింది. కట్టెలు చీల్చేవాడు పైకి చూడక్కర్లేదు కదా. నన్ను ఎలా గుర్తుపట్టాడో, గొడ్డలి పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు. "బాగున్నారాండీ, మేడంగారూ?" అన్నాడు.

నేను సంచీలోంచి ఫోన్ తీసి చెవికి పెట్టుకున్నాను. అవతల ఎవరూ లేరు. "ఆఁ, వస్తున్నా, వస్తున్నా" అంటూ తోపుడుబండ్ల మధ్య నుంచి గబగబా నడిచి వెళ్ళిపోయాను. వెనక్కి తిరిగి చూడలేదు. ఇల్లు చేరాక ఆయన అంతసేపూ నిలబడే ఉన్నాడేమో అనిపించింది. మజ్జిగ వద్దని చెప్పడానికి కూడా చేతులు జోడించిన మనిషి.

చెట్లు కొట్టే పనిలోకి అప్పటికే పెద్ద మిషన్లు వచ్చాయి, ఆయన పని పోయింది అందుకేనని నాకు నేను చెప్పుకునేదాన్ని. అటెండరు ఒకసారి బజార్లో కనిపించినప్పుడు అడక్కుండానే చెప్పాడు. "కాంట్రాక్టరు పిలవడం మానేశాడండీ. కాయితంలో ఉందంట కదండీ. ఊళ్ళో కొబ్బరిచెట్టు దించడానికి కూడా పిలవట్లేదు. తాగి ఇంటి మీద పడేత్తాడని బయ్యం." నేను టమాటాలు ఏరుతూ ఉండిపోయాను.

అందుకే ఆదివారం నేను పెద్దకర్మకి వెళ్ళాను. వెళ్ళి, వాళ్ళ ఊరివాళ్ళందరి ఎదురుగా నిజం చెప్పాలని. బస్సులో విజయవాడ నుంచి ఉయ్యూరు దాకా ఆ నాలుగు మాటలూ మనసులో అప్పజెప్పుకుంటూనే ఉన్నాను. ఆయన ఆ రోజు తాగలేదు, ఎప్పుడూ తాగలేదు, మోకు విప్పించింది నేను, అబద్ధం రాసింది నేను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారని తెలుసు. అయినా ఆయన పేరు మీద మచ్చ అలాగే ఉండగా ఆ ఇంట్లో నలుగురూ భోజనం చేసి వెళ్ళిపోకూడదనిపించింది.

రేకుల ఇల్లు. ముందు టెంటు వేశారు. కుర్చీ మీద ఆయన ఫొటో పెట్టి దండ వేశారు. ఫొటో కోసం ఎవరో తల వంచమని ఉంటారు, మెడ తిన్నగా ఉంది. ముప్పై నలభై మంది ఉన్నారు. నన్ను చూసి, చదువుకున్న ఆవిడ ఎవరో వచ్చిందని కుర్చీ తెచ్చి వేశారు. నేను కూర్చోలేదు. ఇప్పుడే, నిలబడి ఉండగానే, అనుకున్నాను.

ఇంతలో ఆయన భార్య లోపలి నుంచి వచ్చింది. బాగా చిక్కిపోయింది. నన్ను చూసి గుర్తుపట్టి, గబగబా వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది.

"మీరొత్తారని అనుకోలేదండి. ఇంత దూరం వచ్చారు" అంది. కళ్ళనిండా నీళ్ళు. "ఆ కాయితంలో ఆ మాట మీరు కొట్టేశారంట కదండీ. ఆ రోజు మీ దగ్గర నుంచి ఇంటికొచ్చి చెప్పాడు నాకు. మేడంగారు నా ముందే గీత కొట్టేసింది, మంచి మనిషి, అన్నాడు."

నేను ఫొటో వంక చూశాను.

"ఆ తర్వాత పనులు రాలేదండి. మిషన్లు వచ్చినయి కదండీ, ఎవురేం చేత్తారు? జనం మాత్రం నోటికొచ్చినట్టు కూసేవాళ్ళు. నాకు వొళ్ళు మండి, మోకు ఇప్పించింది ఎవురో చెప్తానుండు అనేదాన్ని. ఈయన నన్ను చెప్పనిచ్చేవాడు కాదు. మేడంగారు ఆవిడ మాట నిలబెట్టుకుంది, మన మాట మనం నిలబెట్టుకోవాల, అనేవాడు. పోయే ముందు కూడా అదే అన్నాడండి. నేనెవురికీ చెప్పలేదు. ఒట్టు" అంది గొంతు తగ్గించి.

ఆరేళ్ళు. ఆవిడ ముందు తలెత్తుకోవడానికి ఆయనకి ఆ ఒక్క అబద్ధం కావలసి వచ్చింది. జీవితంలో ఆడిన ఒకే ఒక్క అబద్ధం అదే అయి ఉంటుంది. దాన్ని ఆయన చేత ఆడించింది నేను. ఇప్పుడు నేను నిజం చెబితే ఊళ్ళో ఆయన పేరు నిలబడుతుంది, ఆవిడ దగ్గర పడిపోతుంది. గీత కొట్టలేదని, కాగితం సొరుగులో ఉండగానే నేను ఆయన్ని తిప్పి పంపేశానని, ఆయన ఉత్త చేతులతో ఇంటికొచ్చి కథ చెప్పాడని ఆవిడకి తెలుస్తుంది. బస్సులో అప్పజెప్పుకున్న నాలుగు మాటల్లో ఒక్కటీ నోట్లోంచి కదల్లేదు. అది ఆవిడ మీద జాలో, ఎప్పటిలాగే నా పిరికితనానికి ఇంకో సాకు దొరికిందో, ఇది రాస్తున్న ఈ నిమిషానికి కూడా నేను తేల్చుకోలేకపోతున్నాను.

"నిజమే కదండీ, మేడంగారూ? కొట్టేశారు కదా?" అంది ఆవిడ, నా చేతులు వదలకుండా.

"కొట్టేశానమ్మా" అన్నాను.

ఆవిడ టెంటు కింద కూర్చున్నవాళ్ళ వైపు తిరిగి, "విన్నారా?" అంది. తర్వాత వంగి నా కాళ్ళకి దణ్ణం పెట్టింది.